ఇంగె గారి బండికి నేను చేసిన అలంకారం

ఈ రెండు చేతుల్తో నేను ఒక కారుకి ఊపిరాడకుండా చేశాను. చేసి, డెబ్బై తొమ్మిదేళ్ళ పెద్దమనిషిని, ఆయన భార్య పుట్టినరోజునాడు, ఆవిడ కిటికీ కింద పొగలో నిలబెట్టాను. ఆ సంగతి చెబుతాను వినండి. మధ్యలో మీకు "ఛీ, ఇంత తెలివితక్కువ మనిషా" అనిపిస్తుంది. అనేసుకోండి, నాకేం కోపం రాదు. ఆ మాట మా ఆయన అప్పుడే తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఎవరికీ అనుమానం మిగలకుండా జర్మన్‌లో ఒకసారి అనేశాడు.

మేమప్పుడు జర్మనీలో, క్లాస్తాల్‌లో ఉండేవాళ్ళం. కొండమీది ఊరు. పాల ప్యాకెట్టు తేవాలన్నా ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కాలి. మా ఆయన పంపులు చేసే కంపెనీలో ఇంజనీరు. కరోనా వచ్చిన రెండో ఏటికి ఆ కంపెనీ మొత్తం మా హాల్లోకి వచ్చి కూర్చుంది. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడంటే నేను గ్లాసు కింద పెట్టినా తప్పే, తుమ్మినా తప్పే. ఒకరోజు కుక్కరు మూడో కూత కూసేసరికి వాళ్ళ మేనేజరు, "మీ ఇల్లు స్టేషను పక్కనా?" అని అడిగాడట. ఆ రోజునుంచి మీటింగు మొదలైతే నన్ను బయటికి తోలేసేవాడు. బయట అన్నీ మూసేసి ఉన్నాయి. ఎక్కడికి పోను? ఇంటి వెనకున్న షెడ్డులోకి పోయేదాన్ని.

ఆ షెడ్డు మా ఇంటి ఓనరు హెర్ క్రూగర్, అంటే క్రూగర్ గారిది. ఆయన మా పైవాటాలో ఒక్కడే ఉండేవాడు. భార్య ఇంగె గారిని ఊరి పైన ఆల్టెన్‌హైమ్‌లో, అంటే పెద్దవాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఇంట్లో పెట్టారు. ఆవిడకి మతిమరుపు జబ్బు. కరోనా రాగానే ఆ ఇంట్లోకి ఎవర్నీ రానివ్వడం మానేశారు. పెద్దాయన రోజూ ఫోను చేసేవాడు. మొదట్లో ఆవిడ "డీటర్, తిన్నావా?" అని అడిగేదట. రాన్రాను "ఎవరండీ మాట్లాడేది?" అనడం మొదలెట్టింది. ఆ మాట విన్న రోజు ఆయన మెట్లమీద కూర్చుండిపోయాడు, చేతిలో ఫోను అలాగే పట్టుకుని.

ఇక ఆ షెడ్డులో ఉన్న బండి. అమెరికా బండి. కండల బండి అంటారట దాన్ని. రెండే తలుపులు, పడవంత పొడుగు. ఇంజను మొదలెడితే ఎదురింటి కిటికీలో పూలకుండీ జరిగేది. ఎప్పుడో కుర్రతనంలో అమెరికా సిపాయి ఒకడు దేశం వెళ్ళిపోతుంటే అతని దగ్గర తీసుకున్నాడట. ఇంగె గారిని పెళ్ళినాడు ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. పాచిరంగు ఆకుపచ్చ. పదేళ్ళుగా కదల్లేదు.

"ఫ్రావు మణి," అన్నాడు ఒకరోజు. ఫ్రావు అంటే శ్రీమతి. నా పేరు నాగమణి, ఆయన నోటికి అంతే తిరిగేది. "వచ్చే నెల ఇంగె పుట్టినరోజు. కిటికీ దగ్గర కూర్చోబెడతారట. చూడ్డానికి పదకొండు గంటలకి టెర్మిన్ ఇచ్చారు, పదిహేను నిమిషాలు. నేను ఈ బండిలో వెళ్ళి కిటికీ కింద ఆపుతాను. నన్ను మర్చిపోతే పోయింది, ఈ బండిని మర్చిపోదు. దీన్ని చూస్తే నన్ను గుర్తుపడుతుంది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మీకూ తిరిగేవి.

మా ఆయనా ఆయనా కలిసి మూడు వారాలు ఆ బండి కింద పడుకున్నారు. బ్రేకులు మార్చారు, ఎండిపోయిన గొట్టాలు మార్చారు, తుప్పు గీకారు. తనిఖీకి తీసుకెళ్తే అక్కడి ఇన్‌స్పెక్టరు అరగంటసేపు టార్చిలైటు పట్టుకుని తిరిగి, చివరికి కాగితం మీద ముద్ర కొట్టి, "అన్నీ పాతవే ఉంచారు, చాలా మంచిది. ఇంక దేన్నీ ముట్టుకోకండి," అన్నాడట. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పాడు. చెప్పాడు, నేను విన్నాను. ఆ విషయంలో అబద్ధమాడను.

సరిగ్గా అప్పుడే పెద్దాయన పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయికి కరోనా వచ్చింది. ఆయన ముందురోజే పన్ను చూపించుకున్నాడు. ఇంకేముంది, పది రోజులు క్వారంటైన్. గడప దాటకూడదు. క్వారంటైన్ అయిపోయిన మర్నాడే పుట్టినరోజు.

ఆయన బాల్కనీలోంచి బుట్టకి తాడు కట్టి బండి తాళం కిందికి దింపాడు.

"ఫ్రావు మణి, కడిగి, తుడిచి, కొంచెం మెరిపించండి. అంతే."

"అంతేనా?"

"అంతే."

ఇదిగో, ఇక్కడే నా కొంప మునిగింది. మీరే చెప్పండి, మనవైపు ఎవరైనా "అంతే, ఇంకేం వద్దండీ" అంటే దానర్థం ఏమిటి? మొహమాటపడుతున్నారని! ఇంకో గరిటె వడ్డించాలని! విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టినవాడి వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే ఇంట్లో పెరిగినదాన్ని. జర్మనీలో అంతే అంటే అంతేనని, దాని వెనకాల ఇంకే అర్థమూ ఉండదని నాకు ఎవరు చెప్పారు?

పైగా మా నాన్న బెజవాడలో లారీలకి బొమ్మలేసేవాడు. నేను ఏడో తరగతితో బడి మానేశాను గానీ, ఆయన పక్కన రంగు డబ్బా పట్టుకుని మొత్తం నేర్చుకున్నాను. లారీ మొహాన తామరపువ్వు, తలుపుల మీద నెమళ్ళు, నెత్తిన ఓనరు పెళ్ళాం పేరో పిల్లల పేరో. అవేమీ లేని లారీ మా కళ్ళకి బొట్టులేని పెళ్ళికూతురే.

కడిగాను, తుడిచాను. తుడిచి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. ఏం చెప్పను? ముందుభాగం మొత్తం ఇనప చువ్వలు, పళ్ళకి తీగలు కట్టించుకున్న పిల్ల నోరులాగా. బానెట్ నడినెత్తిన ఒక బొక్క, లోపల ఎండుటాకులు. కుడివైపు తలుపుకి ఇంత సొట్ట. ఆ రంగు సంగతి అడగొద్దు, నెల్లాళ్ళు ఫ్రిజ్‌లో మర్చిపోయిన గోంగూర పచ్చడి. ఇలాంటిదాంట్లో పుట్టినరోజునాడు భార్య ముందుకి వెళ్తాడా? అలా వెళ్తుంటే చూస్తూ ఊరుకుంటే నేను మనిషినేనా?

రంగులు తెప్పించాను. హార్డ్‌వేర్ షాపు మూసే ఉన్నా, ఫోనులో చెప్పి గేటు దగ్గర తీసుకోవచ్చు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. సొట్టకి పుట్టీ పెట్టి నున్నగా చేసి, దానిమీద నెమలి. రెండోవైపు బెంగపెట్టుకోకుండా అటూ ఒక నెమలి. బానెట్ మీద బొక్కకి నా స్టీలు పళ్ళెం ఒకటి బోర్లించి తామరపువ్వు వేశాను. ముందున్న చువ్వలకి సరిపడా అల్యూమినియం రేకు కత్తిరించి, దానిమీద సూర్యుణ్ణి వేసి, మీసాలు కూడా పెట్టి, అతికించాను. పళ్ళేన్నీ సూర్యుణ్ణీ కూడా పడవల అడుగున చెక్కలు అంటించే గమ్ముతో అతికించాను. ఆ గమ్ము నీళ్ళకి ఊడదు, ఎండకి ఊడదు, ఏడుపుకి అసలే ఊడదు. ఆ చివరి ముక్క తరవాత తెలిసింది.

అద్దాలకి నల్ల ఉన్నితో జడకుచ్చులు. వెనక బంపరుకి ఇంకో పన్నెండు. దిష్టికి నిమ్మకాయ కడదామంటే పచ్చిమిరపకాయలు దొరకలేదు, ఎండుమిరపకాయలు గుచ్చాను. చివరికి ముందు అద్దం మీద, పైభాగాన, జానెడు వెడల్పు పట్టీ గీసి, గుండ్రటి అక్షరాల్లో "ఇంగమ్మ" అని తెలుగులో రాశాను. రాసి నా చేతుల్ని నేనే కళ్ళకద్దుకున్నాను.

ఆ పది రోజులూ ఎవరికీ అనుమానం రాలేదా అంటారేమో. వచ్చింది. మా ఆయన మీటింగుకీ మీటింగుకీ మధ్య, "కారు కడగడానికి ఇన్ని రోజులేమిటే?" అన్నాడు.

"పదేళ్ళ జిడ్డండీ!"

"ముట్టుకోవద్దన్నాడని చెప్పాను కదా?"

"ముట్టుకోకుండా ఎలా కడుగుతారండీ?"

ఇంతలో హెడ్‌ఫోన్‌లో ఎవరో పిలిచారు, బతికిపోయాను. పైనుంచి పెద్దాయన కూడా రోజూ అడిగేవాడు.

"ఫ్రావు మణి, ఎలా ఉంది?"

"బాగా వస్తోంది హెర్ క్రూగర్!"

"వస్తోందా? ఏం వస్తోంది?"

"మెరుపు!"

"గూట్, గూట్," అని లోపలికి వెళ్ళిపోయేవాడు పాపం.

పుట్టినరోజు పొద్దున్న ఆయన నీలం సూటు వేసుకుని, టై కట్టుకుని, చేతిలో పూలగుత్తితో పదింబావుకి కిందికి దిగాడు. నేను పట్టుచీర కట్టుకుని షెడ్డు తలుపు పక్కన నిలబడ్డాను. మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను తలుపు తెరిచాను.

ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

వాళ్ళకి ఆనందంతో మాట పెగల్లేదనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

పెద్దాయన పూలగుత్తి నెమ్మదిగా కిందికి దించాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కుడి తలుపు దగ్గర ఆగి, నెమలి పొట్ట మీద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇక్కడ సొట్ట ఉండేది," అన్నాడు.

"పూడ్చేశాను హెర్ క్రూగర్! కనబడుతోందా? అస్సలు కనబడదు!"

"కనబడదు," అన్నాడాయన. "అది ఇంగె చేసిన సొట్ట. మొదటిసారి బండి నడిపినప్పుడు."

భూమి చీలితే బాగుండుననిపించింది. క్లాస్తాల్ కింద పాత గనులున్నాయంటారు, కానీ అవసరానికి ఏ ఒక్కటీ తెరుచుకోలేదు.

మా ఆయన ముందువైపు నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూస్తే, పెళ్ళిచూపులనాడు కూడా అంత తెల్లగా లేడు.

"మణీ. రేడియేటర్ ఏదే?"

"అదేంటండీ?"

"ఆ చువ్వల వెనకాల ఉండేది!"

"ఉందండీ, ఎక్కడికి పోతుంది? సూర్యుడి వెనకాల ఉంది."

"గాలి ఎలా వెళ్తుందే దానికి?"

"గాలెందుకండీ? చలికాలం కదా!"

"మరి ఈ పళ్ళెం ఏమిటి?"

"బొక్కలో ఆకులు పడుతుంటే..."

"ఆ బొక్కలోంచే ఇంజను ఊపిరి పీల్చేది! ముక్కు మూశావు, నోరు మూశావు, ఇంక మిగిలింది ఏమిటే? దండ కూడా నువ్వే వేశావు!" అని ఎండుమిరపకాయల దండ చూపించాడు.

స్క్రూడ్రైవర్ తెచ్చి సూర్యుడి మీసం కింద దూర్చాడు. స్క్రూడ్రైవర్ వంగింది. సుత్తి తెచ్చాడు. సూర్యుడికి కొంచెం బుగ్గ వాచింది, పళ్ళేనికి ఒక సొట్ట పడింది, అంతే. పదీ ముప్పయి అయింది. నేను చీర కొంగుతో అద్దం మీది పేరు తుడవబోతే కొంగుకి ఎరుపంటింది గానీ పేరు పోలేదు.

"పోనీ మా కారులో వెళ్దామండీ," అన్నాడు మా ఆయన.

పెద్దాయన తల అడ్డంగా తిప్పాడు. "మీ కారు ఆమెకి తెలీదు. ఇవాళ తప్పితే మళ్ళీ టెర్మిన్ మూడు వారాలకి. మూడు వారాల్లో ఆమెకి ఇంకెంత మిగులుతుందో." బండి తలుపు తీస్తూ, "ఇది కూడా ఆమెకి తెలుస్తుందో లేదో," అన్నాడు, నెమలివైపు చూడకుండా.

ఎక్కాం. ఆయన స్టీరింగు ముందు, మా ఆయన పక్కన, నేను వెనక, దొంగని కూర్చోబెట్టినట్టు. ముగ్గురికీ మాస్కులు. ఇంజను మొదలైంది, కానీ ఆ పాత గర్జన లేదు. జలుబు చేసినవాడు దిండులో మొహం పెట్టి గురకపెట్టినట్టుంది. పెద్దాయన పొడుగు మనిషి, "ఇంగమ్మ" కింద నుంచి రోడ్డు చూడాలంటే గడ్డం స్టీరింగుకి ఆనించాలి. పక్క అద్దాల్లో జడకుచ్చులు తప్ప ఏమీ కనబడవు.

"వెనక ఏమైనా వస్తోందా?"

నేను తిరిగి చూశాను. "బస్సొకటి వస్తోందండీ. డ్రైవరు ఫోటో తీస్తున్నాడు."

కొండ మొదలైంది. మా ఆయన కళ్ళు వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి. "సగానికొచ్చింది... సగం దాటింది... హెర్ క్రూగర్, హీటర్ పూర్తిగా తిప్పండి!"

"హీటరెందుకండీ, అసలే వేడెక్కిపోతుంటే?" అన్నాను.

"ఇంజన్లో వేడి లోపలికి లాగుతుంది. నువ్వు మాట్లాడకు!"

మార్చి నెల, రోడ్డు పక్కన మంచు, బండి లోపల మాత్రం బెజవాడ మే నెల. పట్టుచీరలో నేను ఇడ్లీలాగా ఉడుకుతున్నాను. పెద్దాయన టై మీద చెమట చుక్కలు పడుతున్నాయి. ముల్లు ఎర్ర గీత దగ్గరికి చేరింది. దూరంగా ఆల్టెన్‌హైమ్ పసుప్పచ్చ గోడ కనబడింది. ఇంక రెండు వందల గజాలుంటుంది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాను. వాళ్ళెవరికీ రేడియేటర్ల మీద అధికారం ఉన్నట్టు లేదు.

సరిగ్గా కిటికీ కిందికి వచ్చాం. వచ్చాం అనేదొక్కటే ఆ రోజు జరిగిన మంచి. బండి ఒకసారి దగ్గి, ఒకసారి వణికి, ఆగిపోయింది. రేకు అంచుల్లోంచి, తామరపువ్వు పళ్ళెం చుట్టూతా బుస్సుమని ఆవిరి లేచింది.

మొదటి అంతస్తు కిటికీ తెరిచి ఉంది. నర్సమ్మ చక్రాల కుర్చీ కిటికీకి ఆనించింది. తెల్ల జుట్టు, గులాబీ శాలువా. ఇంగె గారు. నేనావిణ్ణి చూడడం అదే మొదలు. చుట్టుపక్కల కిటికీలన్నిటిలోనూ ముసలి మొహాలు.

పెద్దాయన దిగి, పూలగుత్తి పైకెత్తి, "ఇంగె! పుట్టినరోజు శుభాకాంక్షలు!" అని అరిచాడు.

ఆవిడ ఆవిరిని చూసింది, నెమలిని చూసింది, ఆయన్ని చూసింది. మర్యాదగా చెయ్యి ఊపింది, బస్టాపులో తెలియనివాళ్ళకి ఊపినట్టు. తర్వాత నర్సు వైపు తిరిగి అడిగిన మాట మాకు కిందికి స్పష్టంగా వినబడింది.

"సర్కసు వచ్చిందా?"

ఆయన చెయ్యి దిగిపోయింది. నేను వెనక సీట్లో మోకాళ్ళలో తల పెట్టుకున్నాను. ఇక నావల్ల కాదు. ఈ మనిషికి ప్రపంచంలో ఉన్నది ఒకే ఒక్క ఆశ, దానికి నేను నాలుగు రంగులు పూసి, గమ్ము పెట్టి మూసేశాను.

పెద్దాయన వెనక్కి తిరిగి బానెట్ ఎత్తబోయాడు. లేవలేదు. సూర్యుడి అంచుకీ బానెట్‌కీ కలిపి గమ్ము రాసేశానని నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు చేతులా లాగాడు. వేడికి చెయ్యి చురుక్కుమంది. ఇన్నాళ్ళలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. అప్పుడు మాస్కు పీకేసి, నేను ఏ జర్మన్ క్లాసులోనూ నేర్చుకోని మాటలు నాలుగైదు వరసగా అని, ముందు చక్రాన్ని కాలితో ఫెడీమని తన్నాడు. తన్ని, కాలు పట్టుకుని, ఒంటికాలి మీద గెంతాడు.

పైనుంచి ఒక గొంతు వచ్చింది. ఇందాకటి గొంతు కాదు. ఇల్లు నడిపిన గొంతు.

"డీటర్! బయలుదేరేముందు నీళ్ళు చూసుకున్నావా?"

ఆయన ఒంటికాలి మీదే ఆగిపోయాడు.

"నిన్నే! ఎన్నిసార్లు చెప్పాలి? కొండెక్కే ముందు నీళ్ళు చూసుకోమని చెప్పానా లేదా? మంచి ప్యాంటు వేసుకుని చక్రాలు తంతావా? చూడు, మోకాలి దగ్గర ఎలా నలిగిందో!"

నేను ముందు సీటు వంచి, తలుపు తోసుకుని దిగాను. నీళ్ళు నిండా ఉన్నాయనీ, తప్పంతా నాదేననీ చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఫ్రావు మణి," అన్నాడు పెద్దాయన నావైపు తిరక్కుండానే, చాలా మెల్లగా, "దయచేసి ఒక్క మాట కూడా మాట్లాడకండి." తర్వాత పైకి చూసి, "మర్చిపోయాను ఇంగె," అన్నాడు.

"ఎప్పుడూ ఇంతే!"

"అవును ఇంగె. ఎప్పుడూ ఇంతే."

మిగిలిన తొమ్మిది నిమిషాలూ ఆవిడ తిట్టింది. నీళ్ళ గురించి, ప్యాంటు గురించి, తలకి టోపీ లేనందుకు, చిక్కిపోయినందుకు. ఆయన చేతులు కట్టుకుని, తలెత్తి, బడిలో మంచి మార్కులు వచ్చిన పిల్లాడిలాగా వింటూ నిలబడ్డాడు. ఒక్కో తిట్టు పడినకొద్దీ ఆయన ఒక్కో అంగుళం పెరిగాడు. మా ఆయన అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అద్దాల మీద ఆవిరి పట్టిందట. నాకు కళ్ళజోడు లేదు, అయినా తుడుచుకున్నాను.

చివర్లో నర్సమ్మ వాచీ చూపించింది. ఇంగె గారు మళ్ళీ ఒకసారి బండివైపు తేరిపార చూసింది.

"ఎవరిది డీటర్, ఈ రంగుల బండి? అద్దెకి తెచ్చావా?"

"అరువు తెచ్చాను."

"ఎవరిదో వాళ్ళకి జాగ్రత్తగా ఇచ్చెయ్యి. పాడుచేశావని చెప్పి క్షమాపణ అడుగు. మన ఆకుపచ్చ బండేదీ?"

"ఇంట్లో ఉంది. షెడ్డులో."

"మరి దాంట్లో రావడానికి నీకేం రోగం? ఈసారి మన బండిలో రా," అంది. కిటికీ మూశారు.

ఆయన ఆ మూసిన అద్దం వైపు చాలాసేపు చూసి, అప్పుడు నావైపు తిరిగాడు. అంత సంతోషంగా ఉన్న మనిషి అంత మర్యాదగా మాట్లాడితే అంత భయం వేస్తుందని నాకు తెలీదు.

"విన్నారు కదా ఫ్రావు మణి? మా ఆకుపచ్చ బండి షెడ్డులో ఉంది. వచ్చే టెర్మిన్ మూడు వారాలకి."

లాగుడు బండి వచ్చి మా పెళ్ళికూతుర్ని వెనక చక్రాలమీద ఊరేగించుకుంటూ కొండ దింపింది. ఆ మర్నాడు పొద్దున్న మొదలుపెట్టి మూడు వారాలు గీకాను. నెమళ్ళ ఈకలు ఒక్కొక్కటీ పీకాను. సూర్యుణ్ణి మిషను పెట్టి కోశాడు మా ఆయన, మీసం మాత్రం నాచేతే గీకించాడు. పుట్టీ తవ్వి తీస్తే, అడుగున ఇంగె గారి సొట్ట భద్రంగా ఉంది. పెద్దాయన రోజూ ఒక కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చునేవాడు. "అక్కడ కొంచెం పసుపు ఉంది, ఫ్రావు మణి," అని చూపించేవాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మూడు వారాల తర్వాత ఆకుపచ్చ బండి ఆగకుండా, ఆవిరి లేకుండా, గర్జించుకుంటూ కిటికీ కిందికి వెళ్ళింది. ఇంగె గారు చూసి, "నీళ్ళు చూసుకున్నావా?" అంది. ఇది మా ఆయన చెబితే విన్నదే. నన్ను ఆ రోజు ఎక్కించుకోలేదు.

కాబట్టి పాఠకులారా, రంగంటిన నా పట్టుచీర కొంగు పట్టుకుని, తూర్పుకి తిరిగి, పూర్తి స్పృహతో నేను ఒట్టేశాను: నా కంఠంలో ప్రాణం ఉండగా చక్రాలున్న దేన్నీ అలంకరించను. కారు కానివ్వండి, సైకిలు కానివ్వండి, పిల్లల బండి కానివ్వండి, కూరల తోపుడు బండి కానివ్వండి, సూట్‌కేసు కానివ్వండి, దేని మొహానా ఇంత కుంకం బొట్టు కూడా పెట్టను. ఒట్టు పూర్తయ్యాక మా ఆయన్ని "సరిపోయిందా?" అని అడిగాను.

ఆయన నా గమ్ము డబ్బా వైపు చూశాడు.

"పడవలు కూడా కలుపు," అన్నాడు.

కలిపాను.